గాఫర్డ్‌ని ఉంచుకోవాలా, గార్డ్‌ని తెచ్చుకోవాలా? మావ్స్ వాళ్ళు ఒకసారి చెప్పండి

ఆరెంజ్‌లైన్_ఇర్వింగ్
2025 జులై 16

ముందే చెప్తున్నా, ఇది లూకా డోన్చిచ్ (మా డాలస్ బాస్కెట్‌బాల్ టీమ్ మావ్స్ లేకర్స్‌కి ఇచ్చేసిన స్టార్) కోసం ఏడుపు పోస్టు కాదు. ఆ ఏడుపు ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఇది పాయింట్ గార్డ్, అంటే బాల్ ముందుకు తెచ్చి మిగతావాళ్ళకి అందించేవాడి గురించి. రెండూ ఒకటేగా అంటుంది మా ఆవిడ. అననివ్వండి.

ఇర్వింగ్‌లో ఉంటాను, 2012 నుంచి. మావ్స్ మ్యాచ్ ఉంటే లాస్ కొలీనాస్‌లో ఆరెంజ్ లైన్ ఎక్కి విక్టరీ స్టేషన్‌లో దిగుతాను, పార్కింగ్ డబ్బులు మిగుల్తాయని. నేను ఈ ఊళ్ళో దిగేసరికి 2011 కప్పు వచ్చి ఏడాది అయింది. భోజనాలయ్యాక పెళ్ళికి వెళ్ళినట్టు.

ఆ ఫిబ్రవరి 1 రాత్రి ఫ్రిస్కోలో ఫ్రెండ్ ఇంట్లో బర్త్‌డే పార్టీ. పదకొండు దాటింది. గరాజ్‌లో పేకాడుతున్నాం. ఒకడు ఫోన్ చూసి "లూకాని లేకర్స్‌కి ఇచ్చేశారట" అన్నాడు. "ఆ రిపోర్టర్ షామ్స్ అకౌంట్ హ్యాక్ అయ్యుంటుంది, ముక్క వెయ్యి" అన్నాను. వాడు ముక్క వెయ్యలేదు. లోపల మావాడు 77 జెర్సీ వేసుకుని సోఫాలో నిద్రపోతున్నాడు. వాణ్ణి ఎత్తుకుని కార్లోకి తెస్తుంటే వీపు మీద డోన్చిచ్ అక్షరాలు వరసగా నా అరచేతికి తగిలాయి.

సరే. చెప్పాను కదా, ఏడుపు పోస్టు కాదని.

అసలు సంగతి. ఈ ఊరికి బాల్ పట్టుకునేవాణ్ణి నిలబెట్టుకోవడం చేతకాదు. ఇది ఈ ఏడాది జబ్బు కాదు. 1994 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేది) జేసన్ కిడ్‌ని రెండో పిక్‌గా తెచ్చుకున్నారు. గ్రాంట్ హిల్‌తో కలిసి రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. 1996 డిసెంబర్‌లో ఫీనిక్స్‌కి పంపించేశారు. 2004లో స్టీవ్ నాష్‌ని వదులుకున్నారు, అతనూ ఫీనిక్స్‌కే వెళ్ళి వరసగా రెండేళ్ళు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. 2022 ప్లేఆఫ్స్‌లో లూకాకి పిక్క పట్టేసి యూటా మీద మొదటి మూడు మ్యాచ్‌లు ఆడకపోతే, రెండో మ్యాచ్‌లో 41 కొట్టి సిరీస్ నిలబెట్టింది మా ఇంకో గార్డ్ బ్రన్‌సన్. ముందే ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) ఇచ్చుంటే నాలుగేళ్ళకి 55 మిలియన్లతో అయిపోయేది. ఆ ఎండాకాలం న్యూయార్క్ నిక్స్ 104 ఇచ్చి తీసుకుపోయారు. మొన్న మేలో నిక్స్ 25 ఏళ్ళ తర్వాత ఈస్ట్ ఫైనల్స్ ఆడుతుంటే నేను టీవీ సౌండ్ తగ్గించి చూశాను. ఆ తర్వాత లూకా. వీటన్నిటికీ మించిన విచిత్రం, ఇప్పుడు మన కోచ్ ఎవరు? ఆ 1996లో పంపించేసిన కిడ్డే.

ఇప్పుడు టీమ్ చూడండి. ఏడీ (లూకాకి బదులుగా వచ్చిన ఆంథొనీ డేవిస్) ఆరు అడుగుల పది అంగుళాలు, సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు) గాఫర్డ్ కూడా అంతే. లైవ్లీ ఏడు అడుగులు దాటాడు. ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో వచ్చిన కూపర్ ఫ్లాగ్ ఆరు తొమ్మిది. పీజే వాషింగ్టన్ ఉన్నాడు. పావెల్ ఎలాగూ ఉంటాడు, ఇంటి ముందు వేపచెట్టులా. వీళ్ళందరికీ బాల్ అందించాల్సిన కైరీ ఇర్వింగ్ (మా ఊరి పేరే ఇంటిపేరు, అందుకే కాస్త ఎక్కువ అభిమానం) మార్చి 3న మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగి పడ్డాడు. ఆ రోజు నేను పైన 300 సెక్షన్లో ఉన్నాను. కళ్ళనీళ్ళతో రెండు ఫ్రీ త్రోలూ వేసి, రెండూ పడ్డాక లోపలికి వెళ్ళాడు. అంత పెద్ద హాల్లో బాల్ నెట్లో పడిన చప్పుడు పైదాకా వినిపించింది. కొత్త సంవత్సరం వచ్చేదాకా అతను కోర్టులో కనబడడు. అతని చోట ఇప్పటికి తెచ్చింది గార్డ్ డీఆంజెలో రస్సెల్‌ని.

నా భయం రెగ్యులర్ సీజన్ గురించి కాదు. ప్లేఆఫ్స్‌లో ఓక్లహోమా ఎదురైతే? ఈ మేలో డెన్వర్ మీద ఏడో మ్యాచ్‌లో వాళ్ళు ఏం చేశారో చూశారుగా. డెన్వర్ సెంటర్ జోకిచ్ అంతటివాడి మీదికి గార్డ్ కరూసోని తోలారు. ఆరు అయిదు ఉంటాడేమో. లోపల బాల్ అందుకోనివ్వకుండా ముందు నించుని చేతులు తోస్తూనే ఉన్నాడు. 125-93. పొడుగువాడు ఎంత పొడుగైనా బాల్ చేతికొస్తేనే కదా. మనకీ తెలిసిందే ఇది. ఏప్రిల్ 18న మెంఫిస్ మీద ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌లోకి రావడానికి ఆడే మ్యాచ్) ఏడీ ఒక్కడే 40 కొట్టాడు. 120-106తో ఓడిపోయాం.

2024లో అదే ఓక్లహోమాని ఎలా కొట్టాం? లూకా, కైరీ ఇద్దరూ బాల్ పట్టేవాళ్ళే. ఒకరి మీద ఇద్దరొస్తే రెండోవాడు. వాళ్ళు పీజేని మూలలో వదిలేసి లోపల గుంపు కట్టారు. పీజే రెండో మ్యాచ్‌లో 29, మూడో మ్యాచ్‌లో 27 కొట్టాడు. పీజేకి ఆ ఖాళీ పీజే వల్ల రాలేదు, పైన ఉన్న ఇద్దరి వల్ల వచ్చింది.

కాబట్టి నా ప్రశ్న. గాఫర్డ్‌ని ఇచ్చి ఇప్పుడే ఒక నికరమైన గార్డ్‌ని తెచ్చుకోవాలా? లేక రస్సెల్‌తో నెట్టుకొస్తూ కైరీ కోసం ఆగాలా? నా ఓటు మొదటిదానికి. తిట్టేవాళ్ళు కారణం చెప్పి తిట్టండి.

---

పటమట_హూప్స్

అన్నా, నేను మూడో దారి పట్టాను. లూకాతో పాటు వెళ్ళిపోయాను. ఇప్పుడు లేకర్స్.

ఉమ్మకండి, ఒక్క మాట. 2015లో మావ్స్ సత్నామ్ సింగ్‌ని 52వ పిక్‌గా తీసుకున్నప్పుడు మన దేశం నుంచి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎవడైనా రావడం అదే మొదలు. అప్పటి నుంచి మావ్స్ నావాళ్ళు. అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, అయినా నేను మారలేదు. పదేళ్ళు పొద్దున్నే అయిదున్నరకి అలారం పెట్టుకుని లేచాను. ట్రేడ్ వార్త వచ్చేసరికి ఇక్కడ ఆదివారం పదిన్నర దాటింది, మటన్ షాపు దగ్గర క్యూలో ఉన్నాను. ఫోన్ చూస్తూ నా వంతు వదిలేశాను. వెనక ఉన్న పెద్దాయన "బాబూ, ఎవరైనా పోయారా?" అన్నాడు. ఏం చెప్పాలి?

ఇప్పుడు నీ ప్రశ్నకి. మీ టీమ్‌ని అద్దంలో చూస్తే మాది. మీకు అందరూ పొడుగువాళ్ళు, అందించేవాడు లేడు. మాకు అందించేవాడున్నాడు, అందుకునే పొడుగువాడు లేడు. సెంటర్ మార్క్ విలియమ్స్‌ని తెచ్చి, మెడికల్ టెస్టులో కాదని వెనక్కి పంపేశారు. మొదటి రౌండ్‌లో మినెసోటా మీద నాలుగో మ్యాచ్, రెండో సగం మొత్తం మా కోచ్ రెడిక్ అవే అయిదుగురిని ఆడించాడు. ఒక్క మార్పు లేదు. మనూళ్ళో గల్లీ టోర్నీలో కూడా నీళ్ళు తాగడానికైనా ఒకణ్ణి దింపుతారు. అయిదో మ్యాచ్‌లో వాళ్ళ సెంటర్ గోబేర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు. గోబేర్ అన్నా! 2024లో మనం కలిసి అరిచాం చూడు, వాడి మీదే లూకా వెనక్కి జరిగి త్రీ కొట్టి 109-108తో గెలిపించింది. అదే గోబేర్ ఈసారి లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అంటే నేననేది, గార్డ్ ఒక్కడే ఉన్నా బండి నడవదు. పొడుగువాణ్ణి అమ్మేసి తర్వాత ఏడవకు. మేం ఇప్పుడు సెంటర్ ఏటన్‌ని తెచ్చుకున్నాం, దేవుడి దయ.

---

క్యాప్‌లెక్కలు

భావోద్వేగాలు పక్కన పెట్టి డబ్బు చూద్దాం. "నికరమైన గార్డ్" అనడం తేలిక, కట్టేదెవరు?

2025-26కి సెకండ్ ఏప్రన్ (టీమ్ మొత్తం జీతాలకి లీగ్ గీసిన పై గీత) 207.8 మిలియన్ డాలర్లు. రస్సెల్‌కి ఇచ్చింది ట్యాక్స్‌పేయర్ మిడ్ లెవెల్ (ఎక్కువ జీతాలున్న టీమ్‌కి కొత్తవాణ్ణి తెచ్చుకోవడానికి ఇచ్చే వెసులుబాటు), 5.7. అది వాడిన టీమ్ ఆ 207.8 దగ్గర బిగుసుకుపోతుంది. వచ్చే జూన్ 30 దాకా ఒక్క డాలర్ దాటడానికి లేదు. పైగా డాలస్ ఫస్ట్ ఏప్రన్ (దాని కింది గీత, 195.9) ఇప్పటికే దాటి ఉంది, కాబట్టి ట్రేడ్‌లో పంపిన జీతం కన్నా ఎక్కువ జీతం తీసుకోకూడదు. గాఫర్డ్ జీతం ఈ ఏడాది 14.4. ఆ డబ్బులో వచ్చే గార్డ్ ఎలా ఉంటాడు? రస్సెల్ కన్నా అంగుళం మెరుగ్గా ఉంటాడు. అంగుళం కోసం సెంటర్‌ని ఇస్తారా?

అసలు ఆ 5.7 ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? కైరీకి ఈ ఏడాదికి 43 మిలియన్ల ప్లేయర్ ఆప్షన్ (తీసుకోవాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం) ఉంది. దాన్ని వదులుకుని మూడేళ్ళకి 119 తీసుకున్నాడు, మొదటి ఏడాది 36 పైచిలుకు. ఆ తేడా దాదాపు రస్సెల్ జీతం అంత. కైరీ కాలికి కట్టుతో కూర్చుని, తన చోట ఆడేవాడికి తన జేబులోంచి ఇచ్చాడన్నమాట. మీ ఊరి పేరు నిలబెట్టాడు.

ఇంకోటి. కొందరు "ఈ ఏడాది పోతే పోనీ, ఫ్లాగ్ ఎదగనీ" అంటున్నారు. ఓడిపోతే మంచి డ్రాఫ్ట్ పిక్ వస్తుందనా? ఏం వస్తుంది? 2027 మొదటి రౌండ్ పిక్, టాప్ 2లో పడితే తప్ప, షార్లెట్‌ది (పీజే కోసం ఇచ్చింది). 2028లో ఓక్లహోమాకి తమ పిక్‌తో మార్చుకునే హక్కు ఉంది. 2029ది హ్యూస్టన్ చేతిలో. 2030లో శాన్ ఆంటోనియోకి మార్చుకునే హక్కు. 2030 దాకా సొంతంగా చేతిలో ఉన్నది 2026 ఒక్కటే. ఆ తర్వాత నాలుగేళ్ళు ఓడితే పక్కవాడి పొలానికి నీళ్ళు పెట్టినట్టు. లేకర్స్ ఇచ్చిన 2029 పిక్ ఒకటుంది, అంతే.

అందుకే గాఫర్డ్‌కి సుమారు 60 మిలియన్లతో మూడేళ్ళ ఎక్స్‌టెన్షన్ ఇవ్వడం నాకు తప్పనిపించలేదు. ఉంటే ఆడతాడు, పంపితే విలువ ఉంటుంది.

---

ఆరెంజ్‌లైన్_ఇర్వింగ్

లెక్క ఒప్పుకుంటాను. అయితే ఈ లెక్కల మనిషే లూకాని పంపించేసిన జనరల్ మేనేజర్ నికోకి అప్పుడు పక్కన ఉండి ఉంటే బాగుండేది. లూకాకి సూపర్‌మ్యాక్స్ (అతి పెద్ద కాంట్రాక్ట్) అయిదేళ్ళకి 345 అవుతుందని భయపడి, 31 ఏళ్ళ ఏడీకి ఏడాదికి 54 ఇవ్వడం ఏ లెక్క? డిఫెన్స్ కప్పులు గెలిపిస్తుందట. ఆ డిఫెన్స్ మొదటి మ్యాచ్‌లో హ్యూస్టన్ మీద 26 పాయింట్లు, 16 రీబౌండ్లు కొట్టి, మూడో క్వార్టర్‌లో గజ్జల దగ్గర పట్టుకుని లోపలికి వెళ్ళింది.

సారీ. ఏడుపు పోస్టు కాదన్నాను.

---

మాజీ_గార్డ్_వైజాగ్

ఆరెంజ్‌లైన్ గారూ, మీ జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు, మందే తప్పు రాశారు.

నేను యూనివర్సిటీ టీమ్‌కి పాయింట్ గార్డ్‌గా ఆడాను. అయిదు అడుగుల మూడు అంగుళాలు. ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నాను. బాల్ తేవడం అంటే ఏమిటో టీవీలో సగమే కనబడుతుంది. ఎనిమిది సెకన్లలో హాఫ్ దాటించాలి, అది అందరికీ తెలుసు. వదిలేస్తే మూడు సెకన్లలో నడుచుకుంటూ దాటేస్తాం. ఓక్లహోమా గార్డ్‌లు డోర్ట్, వాలెస్ లాంటివాడు మొదటి డ్రిబుల్ నుంచే తుంటికి అతుక్కుంటే? వీపు తిప్పుకుని, అడ్డంగా జరుగుతూ, ఏడో సెకనులో దాటుతాం. బాల్ పోలేదు, స్కోర్ షీట్‌లో తప్పేం కనబడదు. కానీ షాట్‌కి ఇచ్చే 24 సెకన్లలో 17 మిగిలాయి. సెంటర్ వచ్చి స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డు) పెట్టేసరికి 13. మొదటి ఆట కుదరకపోతే రెండో ఆటకి టైమ్ ఉండదు. ప్లేఆఫ్స్‌లో టీమ్‌లు చచ్చేది ఇక్కడ. మా కోచ్ ప్రాక్టీస్‌లో హాఫ్ లైన్ దగ్గర నించుని విజిల్ బదులు సెకన్లు అరిచేవారు. ఇప్పటికీ ఎవరైనా "ఆరు" అంటే నా భుజం బిగుసుకుంటుంది.

కిడ్ ఫ్లాగ్ చేత బాల్ తెప్పించాలనుకుంటున్నాడు. వేగాస్ సమ్మర్ లీగ్‌లో చూశాంగా. లేకర్స్ మీద 21 షాట్లలో 5 పడ్డాయి, మ్యాచ్ 87-85తో మనదే. శాన్ ఆంటోనియో మీద 31 కొట్టాడు, మ్యాచ్ పోయింది. ఆ అంకెలు వదిలేయండి. 18 ఏళ్ళ కుర్రాడు మొదటి మ్యాచ్‌లో అన్ని పోగొట్టుకుని కూడా రెండోదాంట్లో అదే చొరవతో వెళ్ళాడు, అది నాకు నచ్చింది. కానీ ఆరు తొమ్మిది ఉన్నవాడి డ్రిబుల్ నేల నుంచి చేతికొచ్చే దూరం ఎక్కువ. ఆ దూరంలోనే కరూసో చెయ్యి పెడతాడు. జనవరిలో షార్లెట్ మీద సరే, మేలో ఓక్లహోమా మీద రోజంతా అతని చేత మోయించకూడదు. డ్యూక్ యూనివర్సిటీలో ఉన్నట్టే రెండో చేతిలా వాడాలి. కైరీ దాటించాలి, ఫ్లాగ్ అందుకోవాలి, ఏడీ స్క్రీన్ పెట్టాలి. అప్పుడు ఫ్లాగ్ మీద ఉన్న పొడుగు డిఫెండర్, ఏడీ మీద ఉన్నవాడు, ఇద్దరూ ఒకేసారి నిర్ణయం తీసుకోవాలి. ఆ ఆట చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

మరి గాఫర్డ్? ఉంచాలి, ట్రేడ్ల గడువు ఉండే ఫిబ్రవరి దాకా. కారణం మ్యాచప్ కాదు, హాజరు పట్టీ. పోయిన సీజన్‌లో లైవ్లీ 36 మ్యాచ్‌లు ఆడాడు. ఏడీ రెండు టీమ్‌లకీ కలిపి 51. మార్చిలో మావ్స్‌కి ఎనిమిది మందికి యూనిఫామ్ వేయించడమే గండమైంది. కాగితం మీద ముగ్గురు సెంటర్లు. వారం మధ్యలో చూస్తే ఒకడు మిగులుతాడు. ఫిబ్రవరికి ముగ్గురూ నిలబడి, కైరీ పరిగెత్తుతూ ఉంటే, అప్పుడు అమ్మండి.

ఇంకొక్క మాట. లైవ్లీ, గాఫర్డ్ ఎవరు ఆడినా చివరి ఆరు నిమిషాల్లో ఏడీ సెంటర్‌గా ఉండాలి. అతనికి ఫోర్ (సెంటర్ పక్కన ఆడే చోటు) ఇష్టమని టీమ్ అంతా ఫోర్ చుట్టూ కట్టారు. పెయింట్‌లో (బుట్ట కింద) ఇద్దరు నించుంటే లోపలికి దూసుకెళ్ళేవాడికి దారేది? మూడోవాడు దూరితే ఆటో స్టాండే. 2011 ఫైనల్స్‌లో అప్పటి మావ్స్ కోచ్ కార్లైల్ నాలుగో మ్యాచ్ నుంచి స్టీవెన్సన్‌ని కూర్చోబెట్టి బరేయాని మొదలుపెట్టాడు. అందరికన్నా పొట్టివాడు! లెబ్రాన్, వేడ్ ఉన్న టీమ్ మీద. మూడింటికి మూడూ గెలిచారు. దాటించేవాడుంటే కోర్టు ఎంత పెద్దదవుతుందో ఈ ఊరికి తెలియంది కాదు.

---

పటమట_హూప్స్

మేడమ్, ఆ టీమ్‌లో లోపల సెంటర్ టైసన్ చాండ్లర్ ఉన్నాడు కాబట్టే బరేయా ఆడగలిగాడు. ఆ చాండ్లర్‌ని కూడా అదే ఏడాది నిక్స్‌కి వదిలేశారు. నేను అందుకే పార్టీ మారాను. 😄

---

ఆరెంజ్‌లైన్_ఇర్వింగ్

వైజాగ్ మేడమ్, ఫిబ్రవరి దాకా అన్నారు, సరే, ఒప్పుకున్నాను. హాజరు పట్టీ మాట తీసేయలేను. 36, 51 పక్కపక్కన పెట్టి చూడలేదు నేను. ఆ ఏడో సెకను సంగతి మాత్రం ఇక ప్రతి మ్యాచ్‌లో చూస్తాను, మావాడికి కూడా చూపిస్తాను. మెంఫిస్ మ్యాచ్ రికార్డింగ్ రాత్రి మళ్ళీ పెట్టి చూశా. బాల్ దాటేసరికి గడియారం మీద 18, 17, ఒకసారి 16. ఏడీ 40 కొట్టాడని ఆ రోజు మురిసిపోయాను, ఎన్నిసార్లు చెయ్యెత్తి బాల్ అడిగి రాక, చెయ్యి దించేశాడో ఇప్పుడు కనబడింది.

పటమట తమ్ముడూ, ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో ఇక్కడికొచ్చి 45 కొట్టిన రోజు నేను హాల్లోనే ఉన్నాను. ముందు వీడియో వేశారు, అతను టవల్‌తో మొహం కప్పుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. అయినా ఆరెంజ్ లైన్ లాస్ ఏంజెలెస్ దాకా పోదు కదా. డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఎవరిదో తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో ఫ్లాగ్ దొరికినప్పుడు, షికాగోతో టై అయితే నాణెం ఎగరేసి గెలిచిన స్థానం నుంచి అది వచ్చిందని తెలిసినప్పుడు, మా ఆవిడ "చూశారా, దేవుడు వడ్డీతో ఇచ్చాడు" అంది. దేవుడు పాయింట్ గార్డ్‌ని ఇవ్వలేదు అన్నాను. ఆ పూట నాకు కాఫీ రాలేదు.

అన్నట్టు 77 మావాడికి పొట్టి అయిపోయింది. 32 కొందామా, ఫ్లాగ్‌ది, అని అడిగితే "కాంట్రాక్ట్ ఎన్నేళ్ళు?" అన్నాడు. పదేళ్ళవాడు! క్యాప్‌లెక్కలు గారూ, రూకీ కాంట్రాక్ట్ నాలుగేళ్ళు కదా? రెండు సైజులు పెద్దది తీసుకోవచ్చా?

---

క్యాప్‌లెక్కలు

రెండేళ్ళే గ్యారంటీ. తర్వాతి రెండూ టీమ్ ఆప్షన్. ఒక సైజు పెద్దది చాలు.